కెనడాలో రిటైర్మెంట్ కోసం తక్కువ ఖర్చు ఈటీఎఫ్‌లు: ఎన్ని కొనాలి, ఏ ఖాతాలో పెట్టాలి?

నమస్తే అండి. ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి.

మీకు 42 ఏళ్లు. 2021 ఆగస్టులో కుటుంబంతో బ్రాంప్టన్ వచ్చారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం లక్ష డాలర్ల దగ్గర. మీ ఆవిడ ఈమధ్యే పార్ట్‌టైమ్ మొదలుపెట్టారు. పిల్లలు చిన్నవాళ్లు. బ్రాంప్టన్‌లో లోన్ మీద ఇల్లు, హైదరాబాద్‌లో ఒక ఫ్లాట్ ఉన్నాయి. బ్యాంకులో మీతో టీఎఫ్‌ఎస్‌ఏ (లాభం మీద ట్యాక్స్ పడని పొదుపు ఖాతా) తెరిపించి, అందులో ఒక మ్యూచువల్ ఫండ్ కొనిపించారు. దాని ఎంఈఆర్ (ఫండ్ నడపడానికి ఏటా తీసుకునే ఖర్చు) 2.1 శాతమని ఇప్పుడు తెలిసింది. దాంట్లోంచి బయటపడి ఈటీఎఫ్‌లకు (షేర్లలాగే ఎక్స్ఛేంజీలో కొనే ఫండ్లకు) మారాలని వీడియోలు చూసి ఏడింటి లిస్టు రాసుకున్నారు: అమెరికా ఎస్ అండ్ పీ 500, నాస్‌డాక్ 100, కెనడా ఇండెక్స్, కెనడా డివిడెండ్, కవర్డ్ కాల్, బాండ్లు, బంగారం. వీటిలో చవకైనవి ఏవి, 65కి రిటైరవ్వాలంటే ఏ పాళ్లలో కొనాలి, మధ్యలో హైదరాబాద్ తిరిగి వెళ్లిపోతే ఏమవుతుంది? ఇదీ మీ ప్రశ్న.

సూటిగా జవాబు: ఏడు అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఐషేర్స్ వాళ్ల ఎక్స్‌గ్రో గానీ, వాన్‌గార్డ్ వాళ్ల వీగ్రో గానీ, బీఎంఓ వాళ్ల జెడ్‌గ్రో గానీ ఏదో ఒకటి తీసుకోండి. మూడూ దాదాపు 80 శాతం షేర్లు, 20 శాతం బాండ్లు ఉండే ఆల్-ఇన్-వన్ ఫండ్లే. ముందు కంపెనీ మ్యాచింగ్ ఇచ్చే (మీరు వేసినదానికి కొంత కలిపే) గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీ (వేసినప్పుడు ట్యాక్స్ తగ్గి, తీసినప్పుడు పడే రిటైర్మెంట్ ఖాతా), తర్వాత మీ ఇద్దరి టీఎఫ్‌ఎస్‌ఏలు, తర్వాత మీ సొంత ఆర్‌ఆర్‌ఎస్‌పీ. ఈ వరుసలో నింపుకుంటూ వెళ్లండి. మిగతాదంతా ఎందుకో చెప్పడానికే.

నేను టొరంటో పరిసరాల్లో ఫీజు తీసుకుని ప్లానింగ్, ట్యాక్స్ పనులు చేస్తాను. ఏ ఫండ్ కంపెనీ నుంచీ నాకు కమీషన్ రాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో మనవాళ్లు చాలామందే. వాళ్లకు డబ్బు పోయే చోటు ఫండ్ ఎంపిక కంటే ఎక్కువగా ఖాతాల లెక్కల్లో ఉంటోంది. అందుకే ఈ జవాబులో సగం ఖాతాల గురించే ఉంటుంది, కాస్త ఓపిగ్గా చదవండి.

ఖర్చు ఎంత తేడా తెస్తుంది

నెలకు 1,000 డాలర్ల చొప్పున 25 ఏళ్లు పెట్టారనుకోండి. ఖర్చులు తీయక ముందు ఏటా 6 శాతం పెరిగిందని అనుకుందాం. ఇది లెక్క కోసం అనుకున్న అంకె, హామీ కాదు. ఏటా 0.2 శాతం ఖర్చు పోతే చివరికి సుమారు 6.57 లక్షల డాలర్లు చేతికొస్తాయి. అదే 2 శాతం పోతే సుమారు 5.09 లక్షలు. మీరు పెట్టింది రెండు చోట్లా 3 లక్షలే. తేడా దగ్గర దగ్గర 1.48 లక్షల డాలర్లు. నష్టభయం మొత్తం మీది, ఈ భాగం మాత్రం ఇంకొకరిది.

ఈ డబ్బు పోతున్నట్టు మీకు కనిపించదు. ఎంఈఆర్‌ను ఫండ్ విలువలోంచే రోజూ కొద్దికొద్దిగా తీసేస్తారు, స్టేట్‌మెంట్లో "ఫీజు" అని ఒక లైను రాదు. మీ బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ఫండ్ పేరు చివర చూడండి. "సిరీస్ ఎ" అని ఉంటే అందులో సాధారణంగా ట్రైలింగ్ కమీషన్ కలిసి ఉంటుంది. ఈక్విటీ ఫండ్లలో అది మామూలుగా ఏటా 1 శాతం, అమ్మిన సంస్థకు వెళ్తుంది. ఆ ఫండ్ పేరుతో "ఫండ్ ఫ్యాక్ట్స్" అనే నాలుగైదు పేజీల కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఖర్చుల పేజీలో ఎంఈఆర్, దాని కింద టీఈఆర్ అంటే ఫండ్ లోపలి కొనుగోళ్లు అమ్మకాల ఖర్చు, రెండూ కలిపిన మొత్తం, ప్రతి 1,000 డాలర్లకు ఎన్ని డాలర్లో కూడా రాసి ఉంటుంది. ఈటీఎఫ్‌లకూ ఇలాంటి "ఈటీఎఫ్ ఫ్యాక్ట్స్" ఉంటాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఆ ఒక్క పేజీ చదివితే ఏ వీడియో కంటే ఎక్కువ తెలుస్తుంది. 2026 నుంచి నియమాలు మారాయి కాబట్టి, 2027 మొదట్లో వచ్చే వార్షిక రిపోర్టులో ఫండ్ల లోపలి ఖర్చును కూడా డాలర్లలో చూపించాలి. అది వచ్చాక మీవాళ్లందరికీ చూపించండి.

ఆల్-ఇన్-వన్ లోపల ఏముంటుంది

ప్రపంచంలో మొదటి ఈటీఎఫ్ పుట్టింది కెనడాలోనే, 1990 మార్చిలో, టొరంటో స్టాక్ ఎక్స్ఛేంజీలో. టొరంటో 35 ఇండెక్స్‌ను అనుసరించే ఆ ఫండ్ వారసుడే ఇవాళ్టి ఎక్స్‌ఐయూ. ఆ తర్వాత చాలా ఏళ్ల పాటు చవకగా పెట్టుబడి పెట్టాలంటే కెనడా ఒకటి, అమెరికా ఒకటి, మిగతా ప్రపంచం ఒకటి, బాండ్లు ఒకటి అని మూడు నాలుగు కొని, ఏడాదికోసారి పాళ్లు మనమే సరిచేసుకోవాల్సి వచ్చేది. 2018లో వాన్‌గార్డ్ ఈ నాలుగింటినీ ఒక్క ఫండ్లో పెట్టి వదిలింది. తర్వాత ఐషేర్స్, బీఎంఓ కూడా తెచ్చాయి. అన్నీ షేర్లే కావాలంటే ఎక్స్‌ఈక్యూటీ, వీఈక్యూటీ, జెడ్‌ఈక్యూటీ. 80:20 అయితే గ్రో, 60:40 అయితే బాల్ అని చివర ఉంటుంది. మూడు సంస్థల ఫండ్లకూ ఎంఈఆర్ 0.25 శాతం లోపే.

ఎక్స్‌ఈక్యూటీ తీసుకుంటే సుమారు 45 శాతం అమెరికా, 25 శాతం కెనడా, మిగిలింది యూరప్, జపాన్, ఇండియా, చైనా లాంటి దేశాలు. వేల కంపెనీలు ఒక్క యూనిట్లో వచ్చేస్తాయి. వీఈక్యూటీలో కెనడా వాటా కాస్త ఎక్కువ, 30 శాతం చుట్టూ. పాళ్లు తప్పితే ఫండే సరిచేసుకుంటుంది.

ఎక్స్ మంచిదా, వీ మంచిదా, జెడ్ మంచిదా అని నన్ను అడిగేవాళ్లు చాలామంది. 0.20కి, 0.24కి తేడా లక్ష డాలర్ల మీద ఏడాదికి 40 డాలర్లు. ఈ చర్చలో ఆరు నెలలు కొనకుండా కూర్చోకండి. ఏదో ఒకటి ఎంచుకుని దానితోనే ఉండండి.

ఇంకా తగ్గించొచ్చు కదా అంటారా? తగ్గించొచ్చు. కెనడాకు ఎక్స్‌ఐసీ 0.06, అమెరికాకు వీఎఫ్‌వీ 0.09, మిగతా సంపన్న దేశాలకు ఎక్స్‌ఈఎఫ్ 0.22, బాండ్లకు జెడ్‌ఏజీ 0.09. ఇలా విడివిడిగా కొంటే మొత్తం ఖర్చు 0.12 దగ్గరికి వస్తుంది. లక్షకు ఏటా 80 డాలర్లు మిగులుతాయి. బదులుగా ప్రతి నెలా నాలుగు ఆర్డర్లు, ఏటా పాళ్ల సర్దుబాటు మీ నెత్తిన పడతాయి. అమెరికా బాగా పెరిగిన ఏడాది దాన్ని అమ్మి, పడిపోయి ఉన్నదాన్ని కొనాలి. కాగితం మీద సులువు, చేతులు మాత్రం రావు. అలా విడివిడిగా మొదలుపెట్టినవాళ్ల ఖాతాలు రెండు మూడేళ్ల తర్వాత తెరిస్తే చాలాసార్లు ముప్పావు వంతు అమెరికాలోనే ఉంటోంది. ఎందుకంటే ప్రతి నెలా ఏది పెరుగుతుంటే దాన్నే కొంటూ వచ్చారు.

మీ ఏడింటి గురించి

ఎస్ అండ్ పీ 500, నాస్‌డాక్ 100 రెండూ కొంటే రెండు రకాలు కొన్నట్టు కాదు. నాస్‌డాక్‌లో పైనున్న పెద్ద కంపెనీలే 500లోనూ పైన ఉన్నాయి. పైగా మీ జీతం కూడా టెక్నాలజీ రంగం నుంచే వస్తోంది. ఆ రంగం దెబ్బతింటే ఉద్యోగం, పొదుపు రెండూ ఒకే నెలలో కదులుతాయి. కెనడా ఇండెక్స్ విడిగా మంచిదే, ఖర్చు చాలా తక్కువ. కానీ అందులో మూడో వంతు దాకా బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలే, తర్వాత చమురు, గనులు. ప్రపంచ మార్కెట్లో కెనడా వాటా 3 శాతం దగ్గర మాత్రమే.

డివిడెండ్ ఈటీఎఫ్ మీద మనవాళ్లకు మోజు ఎక్కువ, నెలనెలా అద్దె వచ్చినట్టు ఉంటుందని. కెనడా డివిడెండ్ల మీద ట్యాక్స్ క్రెడిట్ ఉన్నమాట నిజమే, కానీ అది మామూలు ఖాతాలో మాత్రమే. టీఎఫ్‌ఎస్‌ఏ, ఆర్‌ఆర్‌ఎస్‌పీల్లో ఆ క్రెడిట్ రాదు. మీకు ఇప్పుడు ఆ ఆదాయం అవసరమూ లేదు, వచ్చిన డివిడెండ్‌ను మళ్లీ పెట్టుబడే పెట్టాలి.

కవర్డ్ కాల్ వద్దే వద్దు, మీ వయసుకు అసలు వద్దు. వీటి ఖర్చు తరచు 0.7 శాతం చుట్టూ ఉంటుంది. ఆప్షన్లు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనే హక్కులు, అమ్మి ఆ డబ్బు పంచుతారు. మార్కెట్ బాగా పెరిగినప్పుడు ఆ పెరుగుదలలో కొంత వదులుకోవాలి, పడినప్పుడు మాత్రం దాదాపు మొత్తం భరించాలి. ఎడ్మంటన్‌లో రిటైరైన ఒక పెద్దాయన కోసం వాళ్లబ్బాయి నన్ను సంప్రదించారు. పెద్దాయన ఖాతాలో ఏటా తొమ్మిది, పది శాతం పంచే ఫండ్లే ఉన్నాయి. నెలనెలా డబ్బు పడుతోంది కాబట్టి ఆయన సంతోషంగానే ఉన్నారు. ట్యాక్స్ స్లిప్పులు తెరిచి చూస్తే, పంచిన దాంట్లో పెద్ద భాగం "రిటర్న్ ఆఫ్ క్యాపిటల్" (పెట్టిన అసలునే తిరిగివ్వడం) పెట్టెలో ఉంది. ఆ పద్దు ఉన్నంత మాత్రాన అసలు తరిగిపోయినట్టు కాదు. కానీ ఆయన ఫండ్లలో యూనిట్ ధర కూడా ఏళ్లుగా దిగుతూనే ఉంది. అదే కాలంలో అదే కంపెనీల మామూలు ఇండెక్స్ పెరిగింది. ఆయనకు కావలసింది నెలకు 2,500 డాలర్లు. అది బాల్ లాంటి ఫండ్లోంచి ప్రతి మూడు నెలలకూ కొన్ని యూనిట్లు అమ్మినా వస్తుంది. అమ్మడం అంటే మన పెద్దవాళ్లకు పొలం అమ్మినంత బాధ, అది నాకు తెలుసు. అందుకే ఆయనతో కూర్చుని, పంచిన డబ్బూ యూనిట్ ధరా కలిపి ఏడాదికేడాది కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది.

బంగారం ఇంట్లో ఉన్నది చాలు. బాండ్లు గ్రో ఫండ్లోనే ఉన్నాయి.

80:20 ఎందుకు, మొత్తం షేర్లు ఎందుకు కాదు

65 దాకా 23 ఏళ్లుంది, మొత్తం షేర్లే పెట్టమని చాలామంది చెప్తారు. లెక్క ప్రకారం తప్పు కాదు. నేను చూసేది మాత్రం ఒకటే: మీరు కెనడా వచ్చాకే పెట్టుబడి మొదలుపెట్టారు. 2020 ఫిబ్రవరి, మార్చిలో టొరంటో ఇండెక్స్ నెలరోజుల్లో మూడో వంతుకు పైగా పడింది. ఆ సమయంలో చేతిలో పెద్ద మొత్తం ఉండి కూడా ఏమీ అమ్మకుండా కూర్చున్నవాళ్లకు మొత్తం షేర్లే పెట్టుకోమని చెప్తాను. మీరు ఇంకా అలాంటిది చూడలేదు. ఇంటి లోన్ ఉంది, పిల్లలు చిన్నవాళ్లు. ఒక పెద్ద పతనం చూసి, రాత్రి నిద్ర పట్టిందో లేదో తెలిశాక ఈక్యూటీకి మారొచ్చు. టీఎఫ్‌ఎస్‌ఏ, ఆర్‌ఆర్‌ఎస్‌పీల్లో ఒక ఫండ్ అమ్మి ఇంకోటి కొంటే ట్యాక్స్ పడదు, కాబట్టి ఈ నిర్ణయం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

బాండ్లున్నాయి కాబట్టి పడదని మాత్రం అనుకోకండి. 2022లో వడ్డీ రేట్లు గబగబా పెరిగి షేర్లు, బాండ్లు రెండూ కలిసి పడ్డాయి. ఆ ఏడాది కెనడా బాండ్ ఇండెక్స్ 11 శాతానికి పైగా పోయింది. రెండు మూడేళ్లలో కావలసిన డబ్బు, ఉదాహరణకు ఇల్లు మారడానికి దాచుకున్నది, గ్రోలోనూ పెట్టొద్దు బాల్‌లోనూ పెట్టొద్దు. దానికి జీఐసీ (ఇక్కడి ఎఫ్‌డీ లాంటిది), హై ఇంట్రెస్ట్ సేవింగ్స్ ఉన్నాయి.

ఖాతాలు: అసలు డబ్బు పోయేది ఇక్కడ

కొత్తగా వచ్చినవాళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు టీఎఫ్‌ఎస్‌ఏ రూమ్, అంటే అందులో ఎంత వేయొచ్చన్న పరిమితి. "2009 నుంచి కలిపితే లక్షకు పైగా పెట్టుకోవచ్చు" అని ఎవరో చెప్తారు. అది 2009కి 18 నిండి, అప్పటి నుంచీ ఇక్కడే ఉన్నవాళ్లకు. మీకు రూమ్ మొదలయ్యేది కెనడా రెసిడెంట్ అయిన ఏడాది నుంచి. ఆగస్టులో వచ్చినా ఆ ఏడాది పూర్తి రూమ్ వస్తుంది. 2021కి 6,000, 2022కి 6,000, 2023కి 6,500, తర్వాత 2024, 2025, 2026కి ఏటా 7,000. మొత్తం 39,500 డాలర్లు. మీ ఆవిడకు ఇంకో 39,500. ఆమెకు సంపాదన లేని ఏళ్లకూ రూమ్ వచ్చింది, మీరిచ్చిన డబ్బుతో ఆమె ఖాతా నింపినా ఇబ్బంది లేదు. పరిమితి దాటితే, దాటిన మొత్తం మీద నెలకు 1 శాతం పెనాల్టీ. సీఆర్‌ఏ (కెనడా ట్యాక్స్ శాఖ) వెబ్‌సైట్లో కనిపించే అంకెను గుడ్డిగా నమ్మొద్దు. గతేడాది లావాదేవీలు అక్కడ ఎక్కడానికి సమయం పడుతుంది, కాబట్టి ఏడాది మొదట్లో చూస్తే పాత లెక్కే కనిపించొచ్చు. మీ లెక్క మీరే రాసుకోండి.

ఆర్‌ఆర్‌ఎస్‌పీ రూమ్ గత ఏడాది సంపాదనలో 18 శాతం. 2026కి గరిష్ఠం 33,810 డాలర్లు. కంపెనీ పెన్షన్ ఉంటే అది తగ్గుతుంది. మీ నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్న్ చూశాక సీఆర్‌ఏ పంపే కాగితం) మీద రాసి ఉంటుంది. మీ జీతానికి ఒంటారియోలో చివరి డాలర్ల మీద మూడో వంతుకు దగ్గరగా ట్యాక్స్ పడుతుంది కాబట్టి ఆర్‌ఆర్‌ఎస్‌పీ మీకు పనికొస్తుంది. మీ ఆవిడ పార్ట్‌టైమ్ జీతానికి అంత ఉపయోగం లేదు, ఆమెకు టీఎఫ్‌ఎస్‌ఏ నయం. రిఫండ్ వస్తే దాన్ని ఖర్చు పెట్టకుండా టీఎఫ్‌ఎస్‌ఏలో వేయండి.

కంపెనీ గ్రూప్ ఆర్‌ఆర్‌ఎస్‌పీలో ఈటీఎఫ్‌లు ఉండకపోవచ్చు. అయినా మ్యాచింగ్ వదలొద్దు. మీరు వేసిన డాలర్‌కు యాభై సెంట్లు కలుపుతుంటే ఏ ఎంఈఆర్ తేడా దానికి సాటి రాదు. లిస్టులో "ఇండెక్స్" అన్న పేరున్న ఫండ్లు వెతకండి, తరచు ఉంటాయి. పిల్లలకు ఆర్‌ఈఎస్‌పీ (చదువుల పొదుపు ఖాతా) కూడా మర్చిపోకండి: ఏటా 2,500 వేస్తే ఒక్కొక్కరికి 500 డాలర్లు ప్రభుత్వమే కలుపుతుంది.

ఇక అమెరికా డివిడెండ్ల మీద 15 శాతం కోత. ఇది ఎంఈఆర్‌లో కనిపించదు. అమెరికా కంపెనీలు డివిడెండ్ ఇచ్చేటప్పుడే అమెరికా 15 శాతం పట్టుకుంటుంది. మామూలు ఖాతాలో అయితే మీ కెనడా రిటర్న్‌లో ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది. టీఎఫ్‌ఎస్‌ఏలో తిరిగి రాదు. ఆర్‌ఆర్‌ఎస్‌పీలో రెండు దేశాల ట్యాక్స్ ఒప్పందం వల్ల మినహాయింపు ఉంది, కానీ ఈటీఎఫ్ అమెరికా ఎక్స్ఛేంజీలో లిస్టయినదై ఉండాలి. వీటీఐ (అమెరికా మార్కెట్ మొత్తాన్ని అనుసరించే ఈటీఎఫ్) లాంటివన్నమాట. టొరంటోలో లిస్టయిన వీఎఫ్‌వీ, ఎక్స్‌గ్రోలకు ఆర్‌ఆర్‌ఎస్‌పీలో కూడా ఆ మినహాయింపు దక్కదు. అమెరికా షేర్ల డివిడెండ్ 1.3 శాతం అనుకుంటే కోత సుమారు 0.2 శాతం. అంటే ఎక్స్‌గ్రోలో అమెరికా భాగం మీద కనిపించని ఇంకో ఎంఈఆర్ అన్నమాట.

అలాగని వెంటనే వీటీఐ కొనకండి. అది కొనడానికి అమెరికా డాలర్లు కావాలి. చాలా బ్రోకరేజీలు మార్పిడికి 1.5 శాతం దాకా తీసుకుంటాయి. ఏడేళ్ల లాభం ఒక్క రోజులో పోతుంది. దాన్ని తప్పించుకోవడానికి నార్బర్ట్స్ గ్యాంబిట్ అనే పద్ధతి ఉంది: అమెరికా డాలర్లనే దాచి ఉంచే డీఎల్‌ఆర్ అనే ఈటీఎఫ్‌ను కెనడా డాలర్లతో కొని, దాని అమెరికా డాలర్ల రూపంలోకి మార్పించి అమ్మడం. పని చేస్తుంది, కానీ కొన్ని రోజులు పడుతుంది, ఓపిక కావాలి. మీ ఆర్‌ఆర్‌ఎస్‌పీ రెండు లక్షలు దాటాక దీని గురించి ఆలోచించండి. ఇప్పటికి ఎక్స్‌గ్రోనే.

హైదరాబాద్ ఫ్లాట్ ఉందన్నారు కదా

దాన్ని అద్దెకిచ్చారంటే అది ఫారిన్ ప్రాపర్టీ లెక్కలోకి వస్తుంది. ఇండియాలోని ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు, పెట్టుబడిగా ఉంచిన స్థలాలు కూడా. వీటన్నిటి కొనుగోలు ఖర్చు కలిపి లక్ష కెనడా డాలర్లు దాటితే ఏటా టీ1135 ఫారం వేయాలి. మీకు "ఖర్చు" అంటే ఇక్కడ రెసిడెంట్ అయిన రోజున ఉన్న మార్కెట్ విలువ. మొదటి ఏడాదికి మినహాయింపు ఉంది, రెండో ఏడాది నుంచి లేదు. ఆలస్యమైతే రోజుకు 25 డాలర్లు, 2,500 దాకా. మీ కుటుంబమో మీరో వాడుకోవడానికే ఉంచిన ఇల్లు దీంట్లోకి రాదు. వీటీఐ లాంటి అమెరికా ఈటీఎఫ్ మామూలు ఖాతాలో ఉంటే ఇందులోకి వస్తుంది. ఎక్స్‌గ్రో రాదు, ఎందుకంటే అది కెనడా ఫండ్. టొరంటో ఈటీఎఫ్‌లనే వాడమని చెప్పడానికి నాకున్న కారణాల్లో ఇదొకటి.

ఇంకోమాట. మీ ఆస్తిలో పెద్ద వాటా ఇప్పటికే హైదరాబాద్ ఫ్లాట్, బ్రాంప్టన్ ఇల్లు. రెండూ రియల్ ఎస్టేటే. రీట్ ఈటీఎఫ్ (రియల్ ఎస్టేట్‌లో పెట్టే ఫండ్) గురించి ఎవరైనా చెప్తే ఇది గుర్తుపెట్టుకోండి.

బ్యాంకు నుంచి బయటపడటం

డబ్బు మీ చేతికి తీసుకోకండి. ఇది చాలా ముఖ్యం. మిసిసాగాలో ఒకాయన బ్యాంకు టీఎఫ్‌ఎస్‌ఏలోంచి 20,000 తీసి, అదే నెలలో కొత్త బ్రోకరేజీ టీఎఫ్‌ఎస్‌ఏలో వేశారు. ఆయన రూమ్ అప్పటికే నిండి ఉంది. తీసిన మొత్తానికి రూమ్ తిరిగొచ్చేది మరుసటి ఏడాది జనవరి 1న. తర్వాతి ఏడాది సీఆర్‌ఏ నుంచి కవరు వచ్చింది, నెలకు 200 డాలర్ల లెక్కన. ఆర్‌ఆర్‌ఎస్‌పీ అయితే ఇంకా ఘోరం: తీసిన మొత్తాన్నిబట్టి 10 నుంచి 30 శాతం అక్కడే పట్టుకుంటారు, ఆ రూమ్ మళ్లీ రాదు.

సరైన పద్ధతి: ముందు కొత్త బ్రోకరేజీలో టీఎఫ్‌ఎస్‌ఏ తెరవండి. వాళ్ల సైట్లోనే ట్రాన్స్‌ఫర్ ఫారం ఉంటుంది, అందులో బ్యాంకు ఖాతా నంబరు రాసి "క్యాష్" అని ఎంచుకోండి. పాత ఫండ్‌ను బ్యాంకు అమ్మి డబ్బు నేరుగా పంపుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఫీజు 150 డాలర్ల దాకా ఉండొచ్చు. కొత్తవాళ్లు తరచు దాన్ని తిరిగి ఇస్తారు, ముందే అడగండి. బ్రాంచి నుంచి ఫోన్ వస్తుంది, కూర్చుని మాట్లాడదామంటారు. మర్యాదగా వద్దని చెప్పండి, కారణం వివరించాల్సిన పని లేదు. అమ్మేటప్పుడు కోత పడే డీఎస్‌సీ ఫండ్ల కొత్త అమ్మకాలను 2022 జూన్ నుంచి నిషేధించారు. మీది అంతకుముందు కొన్నదైతే ఒకసారి చూసుకోండి.

బ్రోకరేజీ దివాలా తీస్తే అన్న టెన్షన్ ఉంటే: మెంబర్ సంస్థలకు సీఐపీఎఫ్ (పెట్టుబడిదారుల రక్షణ నిధి) రక్షణ ఉంటుంది, మీ మామూలు ఖాతా, టీఎఫ్‌ఎస్‌ఏ కలిపి ఒక పది లక్షల డాలర్ల దాకా, ఆర్‌ఆర్‌ఎస్‌పీలకు విడిగా ఇంకో పది లక్షలు. మార్కెట్ పడితే వచ్చే నష్టానికి కాదు.

కొనేటప్పుడు మార్కెట్ తెరిచిన తర్వాత పది పదిహేను నిమిషాలు ఆగండి. స్క్రీన్ మీద రెండు ధరలు కనిపిస్తాయి, ఉదాహరణకు బిడ్ (కొనేవాళ్లు ఇస్తామన్న ధర) 40.10, ఆస్క్ (అమ్మేవాళ్లు అడిగే ధర) 40.11. "లిమిట్" ఆర్డర్ (ఇంతకు మించి ఇవ్వనని చెప్పేది) ఎంచుకుని ఆస్క్ ధర గానీ దానికి ఒక సెంటు పైన గానీ వేయండి. "మార్కెట్" ఆర్డర్ అవసరం లేదు. జీతం పడిన వారంలో ఒక రోజు పెట్టుకుని ప్రతి నెలా ఇంతే చేయండి. ఈటీఎఫ్ కొనడానికి కమీషన్ తీసుకోని బ్రోకరేజీలు ఇప్పుడు ఉన్నాయి. మీ బ్యాంకు బ్రోకరేజీ ప్రతి ఆర్డర్‌కు పది డాలర్లు తీసుకుంటుంటే, నెలకు 500 పెట్టేవాళ్లకు అదే 2 శాతం అవుతుంది. మ్యూచువల్ ఫండ్ వదిలి వచ్చిన ఫలితం ఉండదు.

65కి ఏమవుతుంది, తిరిగి వెళ్తే ఏమవుతుంది

అరవై దగ్గరికొచ్చాక గ్రో నుంచి బాల్‌కు మెల్లగా మారండి. 71 నిండే ఏడాది చివరికల్లా ఆర్‌ఆర్‌ఎస్‌పీని ఆర్‌ఆర్‌ఐఎఫ్‌గా (దాచిన డబ్బు తీసుకునే ఖాతాగా) మార్చాలి, అప్పటి నుంచి ఏటా కొంత తీయక తప్పదు. సీపీపీ (జీతంలోంచి కట్టే చందాల మీద వచ్చే పెన్షన్) మీ ఉద్యోగాన్నిబట్టి వస్తుంది. ఓఏఎస్ (ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) మాత్రం 18 దాటాక ఇక్కడ ఎన్నేళ్లు ఉన్నారన్న దాన్నిబట్టి. 40 ఏళ్లుంటే పూర్తిగా, అది ఇప్పటి లెక్కలో నెలకు సుమారు 740 డాలర్లు. మీరు 65 దాకా ఉంటే సుమారు 28 ఏళ్లు, అంటే 40లో 28 వంతులు, నెలకు 520 దగ్గర. ఎంత పొదుపు కావాలో లెక్క వేసేటప్పుడు పూర్తి ఓఏఎస్ వేసుకోకండి. మనవాళ్ల ప్లాన్లలో ఈ తప్పు తరచు కనిపిస్తుంది.

ఇండియాలో ఉంటూ ఓఏఎస్ అందుకోవాలంటే ఇక్కడ 20 ఏళ్ల నివాసం ఉండాలి. 2015 ఆగస్టు నుంచి రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం అమల్లో ఉంది, దాని కింద ఇండియాలో చేసిన సర్వీసు అర్హత కోసం లెక్కకు రావచ్చు. అందుకే పాత ఈపీఎఫ్ కాగితాలు పారేయకండి.

తిరిగి వెళ్లిపోతే ఆర్‌ఆర్‌ఎస్‌పీ ఇక్కడే ఉంచుకోవచ్చు. నాన్ రెసిడెంట్‌గా ఒకేసారి మొత్తం తీస్తే కెనడా 25 శాతం పట్టుకుంటుంది. టీఎఫ్‌ఎస్‌ఏ కూడా ఉంచుకోవచ్చు, కానీ వెళ్లిన తర్వాత అందులో కొత్తగా ఏమీ వేయకూడదు, వేస్తే నెలకు 1 శాతం. ఇండియా దృష్టిలో టీఎఫ్‌ఎస్‌ఏకు ట్యాక్స్ మినహాయింపు లేదు. కాబట్టి వెళ్లడం ఖాయమైతే టికెట్లు బుక్ చేసే ముందే, ఇంకా కెనడా రెసిడెంట్‌గా ఉండగానే, టీఎఫ్‌ఎస్‌ఏలో ఉన్నదాన్ని అమ్మి లాభం ఇక్కడే ట్యాక్స్ లేకుండా తీసుకోవడం మంచిది. ఆ ఏడాదికి రెండు దేశాల రిటర్న్‌లూ తెలిసిన సీఏను పెట్టుకోండి. మీకు ఏ తేదీన వెళ్లే ఆలోచన ఉందో చెప్తే, ఏది ముందు తీయాలో ఇక్కడే రాస్తాను.